శిక్షకుని పేరు

ఆ రోజు నేను కాలేజీకి వెళ్ళింది సన్మానం చేయించుకోవడానికి కాదు, పోట్లాడటానికి.

వారం ముందు కార్డు వచ్చింది. కళాశాల వార్షికోత్సవంలో ఉత్తమ క్రీడాకారులకూ, వారి శిక్షకులకూ సన్మానం అని ఎర్ర సిరాతో అచ్చు వేశారు. శిక్షకుల వరసలో నా పేరుంది. నేను పెడన దగ్గర ఒక హైస్కూల్లో డ్రిల్లు టీచర్ని. ఆ కాలేజీలో చదువుకున్నాను గానీ, అక్కడ ఎవరికీ ఏమీ నేర్పలేదు. ఇది ఎవరి నిర్వాకమో కార్డు చూడగానే తెలిసిపోయింది. ఒళ్ళు మండింది. పొద్దున్నే పాసింజరెక్కి గుడివాడలో దిగి, బస్సు మారి, సభకి మూడు గంటల ముందే చేరుకున్నాను. ఆ మనిషిని గ్రౌండులోనే పట్టుకుని నాలుగు మాటలు అడిగేద్దామని దారి పొడవునా కూడబలుక్కుంటూనే ఉన్నాను.

గ్రౌండులో అడుగు పెట్టగానే బాల్ బాడ్మింటన్ కోర్టు కనపడింది. సున్నపు గీత వంకరగా ఉంది. నెట్టు దగ్గర బాగానే మొదలై, మూలకి వచ్చేసరికి జానెడు లోపలికి జరిగింది. ఆ కోర్టుకి వంకర గీత ఉండటం నేనెప్పుడూ చూడలేదు.

"మేస్టారు ఊళ్ళో లేరా?" అని గేటు దగ్గర వాచ్‌మన్ని అడిగాను.

"ఊళ్ళో ఏందమ్మా! ఆయన పోయారు గదా. పది రోజులైంది. నీకెవరూ చెప్పలేదా?"

ఎవరూ చెప్పలేదు. కార్డు అచ్చు వేయించి, కవర్లో పెట్టి, స్టాంపు అంటించి పంపిన వాళ్ళకి ఆ ఒక్క ముక్క రాయాలని తోచలేదు. గట్టు మీద కూలబడ్డాను. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. అడగాలని తెచ్చుకున్న మాటలన్నీ నోట్లోనే ఉండిపోయాయి. ఆ కోపం ఇప్పటికీ తగ్గలేదు కాబట్టే ఇది రాస్తున్నాను.

ఆయన పేరు మాత్రం ఇక్కడ రాయను. రాయవలసిన చోట రాయలేదు. రాయవలసిన చేయి నాది. ఇప్పుడు పత్రికలో రాసి నేను ఉద్ధరించేదేమీ లేదు. మేస్టారు అంటే చాలు, ఆ కాలేజీలో చదివినవాళ్ళు గుర్తుపడతారు.

నేను బి.ఏ.లో చేరేనాటికి ఆయన అక్కడ ఫిజికల్ డైరెక్టరు. తాత్కాలికం. ఏటేటా జూన్లో కాగితం ఇచ్చేవారు, ఏటేటా ఆయన దాన్ని మడిచి జేబులో పెట్టుకుని గ్రౌండులోకి వచ్చేసేవారు. ఖాకీ నిక్కరు, తెల్ల చొక్కా, మెడలో విజిలు. ఆ విజిలు ఆయన ఊదగా నేను వినలేదు. "ఊదితే పిల్లలు విజిలు కేసి చూస్తారు, బంతి కేసి చూడరు" అనేవారు. మరి మెడలో ఎందుకండీ అంటే, "యూనిఫారం" అని ఊరుకునేవారు.

గీతలు గీయడం ఆయనకి పూజ లాంటిది. ఆయన క్రైస్తవులు, ఈ మాట వింటే నవ్వి ఉండేవారు. ఆదివారం చర్చి అవగానే తెల్లపంచెతోనే సైకిలేసుకుని వచ్చేసేవారు. క్యారేజీ మీద పాటల పుస్తకం, దాని కింద చుట్టిన నెట్టు. అడుగున మేకుతో చిల్లులు పొడిచిన పాలపిండి డబ్బా నిండా సున్నం పోసుకుని, వంగి, వెనక్కి నడుస్తూ గీసేవారు. తాడు కట్టేవారు కాదు, మేకులు పాతేవారు కాదు. ఒకసారి నేనే అడిగాను, అందరూ ముందుకి నడుస్తూ గీస్తారు కదా అని.

"ముందుకి నడిస్తే ఏం కనపడుద్దమ్మా? ఇంకా గియ్యాల్సిందే కనపడుద్ది. వెనక్కి నడిస్తే గీసింది కనపడతా ఉంటది. దాన్ని చూసుకుంటా పోతే వంకర రాదు."

ఆయన పద్ధతులన్నీ ఇలాగే ఉండేవి. వింటున్నప్పుడు బాగానే ఉండేవి.

మెచ్చుకోవడం ఆయనకి చేతకాదు. ఎంత మంచి దెబ్బ కొట్టినా "ఇంకోటి" అనేవారు. బంతి పోగొడితే "ప్రభువా, మణికట్టూ!" అని ఆకాశం కేసి చూసేవారు. దాంతో మా అయిదుగురికీ ప్రభువు ఎప్పుడూ మణికట్టు సంగతే చూస్తుంటాడని స్థిరపడిపోయింది. గెలిచినా ఓడినా ఒకటే మాట, "మంచినీళ్ళు తాగండి." బెజవాడలో మొదటిసారి కప్పు గెలిచి కేకలేస్తుంటే కూడా కూజా పట్టుకొచ్చి అదే మాట అన్నారు. ఆ పూట నాకు చాలా కోపం వచ్చింది. ఒక్కసారి "బాగా ఆడారు" అంటే ఏం పోయింది?

నేను ఆటలోకి రావడం కూడా ఆయన చేసిన పనే. కాలేజీలో చేరిన కొత్తలో గ్రౌండు పక్క నుంచి క్లాసుకి పోతుంటే, ఆ పచ్చ ఉన్ని బంతి నా మొహం మీదికి వచ్చింది. చేతిలో ఉన్న నోటుబుక్కుతో కొట్టేశాను. అది నెట్టు దాటి అవతలి మూలలో పడింది. ఆయన డబ్బా కింద పెట్టేసి వచ్చారు.

"ఆ చెయ్యి ఎక్కడిది?"

"నాదేనండీ."

"నీదని తెలుస్తానే ఉంది. ఏం పని చేసిన చెయ్యి అది?"

"మగ్గం పనండీ," అన్నాను, తప్పు చేసిన దాన్లా.

మాది నేతపని. నాన్నకి ఆయాసం వచ్చిన రోజుల్లో ఆయన బదులు నేనే మగ్గం గుంటలో కూర్చునేదాన్ని. అడ్డనూలు మోసే నాడె అటూ ఇటూ పరిగెత్తాలంటే తాడుని మణికట్టుతో చటుక్కున లాగి చటుక్కున వదలాలి. భుజంతో లాగితే నూలు తెగుతుంది. తెగితే నాన్న ఊరుకునేవాడు కాదు. ఆ భయంతో నేర్చుకున్న పనికి కాలేజీలో విలువ ఉంటుందని నాకు తెలియదు. మర్నాడు పొద్దున ఆరింటికి వోణీ నడుముకి బిగించి కోర్టులో నిలబడ్డాను. మూడేళ్ళు అక్కడే నిలబడ్డాను.

ఇక అసలు సంగతికి వస్తాను. కాలేజీలో ఒక రిజిస్టరు ఉండేది. ఏ ఆటలో ఎవరు ఏం సాధించినా అందులో ఒక వరస రాయాలి. పేరు, తండ్రి పేరు, తరగతి, ఆట, సాధించినది. చివరి గడి, శిక్షకుని పేరు. ఆయన దస్తూరీ కోడి కెలికినట్టు ఉంటుందని రాసే పని నాకు అప్పజెప్పారు. ఆయన చెపుతుంటే నేను రాసేదాన్ని. మొదటిసారి చివరి గడికి రాగానే అడక్కుండానే ఆయన పేరు రాయబోయాను.

"ఆగాగు. నేను కాదు."

మా జట్టులో ఒక పిల్లది పామర్రు అవతల పల్లెటూరు. ఆ పిల్లకి వాళ్ళ హైస్కూలు డ్రిల్లు మేస్టారి పేరు చెప్పారు. "అంత దూరాన ఉన్న బంతికి పరిగెత్తడం నేను నేర్పలా. వచ్చేటప్పటికే వచ్చు." ఇంకో పిల్లది కూచిపూడి, ఆ పిల్లకి నాట్యం నేర్పిన గురువుగారి పేరు. "ఆ పాదం చూశావా? నేను దిద్దితే వచ్చే పాదమా అది?" ఇలా అందరికీ ఎవరో ఒకరు దొరికారు. తరవాత ఒక్కొక్కరికీ తన చేత్తో కార్డు రాసి పోస్టు చేసేవారు. ప్రతి కార్డులోనూ రెండే మాటలు. మీ పిల్ల గెలిచింది. మీ పేరు రాయించాను.

నా వంతు వచ్చింది. మా ఊరి స్కూల్లో డ్రిల్లు మేస్టారే లేరు. నాకు బంతి అంటే ఏమిటో తెలియదు. ఇక తప్పించుకోలేరనుకుని నవ్వుకుంటూ పెన్ను పట్టుకుని కూర్చున్నాను. ఆయన మా నాన్న పేరు చెప్పారు.

"మేస్టారూ, మా నాన్న ఈ ఆట కళ్ళతో చూళ్ళేదండీ!"

"చెయ్యి ఆయన తయారుచేసింది. నేను బ్యాటు పెట్టా. రాయి."

రాశాను. మా నాన్న పేరు నా చేత్తో రెండుసార్లు రాశాను, తండ్రి గడిలో ఒకసారి, శిక్షకుని గడిలో ఒకసారి. ఆ సంవత్సరం వార్షికోత్సవానికి రిజిస్టరు చూసి శిక్షకులందరినీ పిలిచారు. మా నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, డ్రిల్లు మేస్టర్ల మధ్య బల్ల మీద కూర్చున్నాడు. శాలువా కప్పగానే అంచు రెండు వేళ్ళ మధ్య నలిపి చూశాడు. "మిల్లుది," అన్నాడు. మైకు దగ్గరే ఉండటంతో ఆ మాట సభంతా వినపడింది. అందరూ నవ్వారు. నాన్న ఏమీ అనుకోలేదు, ఉన్నమాటే కదా అన్నట్టు చూశాడు.

ఇంటికి వెళ్ళాక సంగతి వేరు. ఆ శాలువాని ఎవరినీ తాకనిచ్చేవాడు కాదు. పేటలో వాళ్ళు "ఏం కోచ్ గారూ" అని వేళాకోళం చేస్తే లోపల్లోపల మురిసిపోయేవాడు. అంతకుముందు నేను ఆటకి పోతానంటే మొహం చిట్లించే మనిషి, ఆ తరవాత నాకు మణికట్టు గురించి సలహాలు ఇవ్వడం మొదలుపెట్టాడు. ఉత్తరాల్లో కూడా రాయించేవాడు. జీవితంలో ఆయన పేరు ఇంకొకరు పైకి చదవడం అదే మొదటిసారి.

ఆ సభకి మేస్టారు రాలేదు. రావలసిన పని లేదు కదా, ఏ గడిలోనూ ఆయన పేరు లేదు. సభ అవుతున్నంత సేపూ గ్రౌండులో మర్నాటి ఆటలకి గీతలు గీస్తున్నారు. చప్పట్లు వినపడ్డప్పుడల్లా ఒక క్షణం ఆగి మళ్ళీ మొదలుపెట్టారట. కూచిపూడి పిల్ల చూసి చెప్పింది.

ఎందుకిలా చేస్తారో ఒక్కసారే చెప్పారు, బెజవాడ నుంచి రైల్లో వస్తుండగా. ఆ సాయంత్రం కప్పు నా ఒళ్ళో ఉంది. నేను పట్టుబట్టి అడిగాను. ఆయన కిటికీలోంచి కాలవ కేసి చూస్తూ చెప్పారు.

"మిషన్ స్కూల్లో మాకొక డ్రిల్లు అయ్యగారు ఉండేవారమ్మా. నాకు పరిగెత్తడం నేర్పింది ఆయనే. నేను కాలేజీలో చేరిన మూడో నెల్లో పెద్ద పందెంలో ఫస్టు వచ్చా. ఫారంలో కాలేజీ ఆయన తన పేరు రాసుకున్నాడు. నేనెట్టా పరిగెత్తుతానో కూడా చూళ్ళేదాయన. బహుమతి ఇచ్చేరోజు మా అయ్యగారు నడుచుకుంటా వచ్చారు, మా ఊరి నుంచి. పాసు లేదని గేటు కాడ ఆపేశారు. నేను కప్పు పుచ్చుకుని బయటికొచ్చేసరికి గోడ పక్కన నిలబడి ఉన్నారు. 'చప్పట్లు వినపడినయ్యిరా, నీకేనా?' అన్నారు."

నాకే ఉక్రోషం వచ్చింది.

"అయితే మీ పేరు ఎవరు రాస్తారండీ?"

"మంచినీళ్ళు తాగు," అని కూజా నా చేతికిచ్చారు.

నేను ఆఖరి సంవత్సరంలో ఉండగా కాలేజీకి ప్రభుత్వ గ్రాంటు వచ్చింది. తాత్కాలికం వాళ్ళ ఉద్యోగాలు ఖాయం చేయడానికి కమిటీ వస్తుందన్నారు. ఎవరేం పని చేశారో కాగితం మీద చూపించాలి. హెడ్ క్లర్కు గారు రిజిస్టరు తిరగేసి తల పట్టుకున్నారు. మా ఇద్దరినీ పిలిపించారు.

"ఏవండీ, మీకేమన్నా మతుందా? బెజవాడలో మూడేళ్ళు వరసగా గెలిచారు. ఇందులో ఒక్క గడిలోనన్నా మీ పేరు ఉందా? కమిటీవాళ్ళు రేపు పదింటికల్లా వస్తున్నారు. ఇదిగో కొత్త రిజిస్టరు. ఈ అమ్మాయి కూర్చుని రాసేస్తది. దస్తూరీ ఒకటే, ఎవడికీ అనుమానం రాదు."

నేను అప్పటికే పెన్ను మూత తీశాను.

"వద్దండీ," అన్నారు మేస్టారు.

"అబద్ధం రాయడం లేదు గదండీ," అన్నాను నేను. "ఉన్నదే గదా రాస్తా."

"ఉన్నదే. కాదన్లా. కానీ అందరికీ కార్డులు వెళ్ళిపోయినయ్యి గదమ్మా. పామర్రు ఆయన ఆ కార్డుని పటం కట్టించుకున్నాడు. ఇప్పుడు పోయి పటం దించమని చెప్పమంటావా?"

"ఆయన పటం సరే. రేపు మీ ఉద్యోగం ఖాయం చేసేటప్పుడు ఏం చూపిస్తారండీ?"

"కోర్టు చూపిస్తా. మీరు ఆడతారు, వాళ్ళు చూస్తారు. చూస్తే తెలవదా?"

ఆ మాట అనేసి సున్నం డబ్బా తీసుకుని వెళ్ళిపోయారు. నాకు గోడకేసి తల బాదుకోవాలనిపించింది. ఎంత చెప్పినా చెవిలో వేసుకోని మనిషితో ఏం చేస్తాం?

ఇక్కడొక సంగతి చెప్పాలి. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. ఆయన వెళ్ళాక హెడ్ క్లర్కు గారు కొత్త రిజిస్టరు నా ముందుకి జరిపి, "ఆయన మాటకేంగానీ, నువ్వు రాసెయ్యమ్మా," అని భోజనానికి వెళ్ళిపోయారు. గదిలో నేనొక్కదాన్నే. రాసేసి ఉండవచ్చు. ఒక గంట పని. పాత పుస్తకం చూస్తూ మొదటి వరస మొదలుపెట్టాను. ఆ ఏడు జట్టుకి కెప్టెన్ని కాబట్టి కొత్త పుస్తకంలో మొదటి వరస నాదే పెట్టాను. పేరు రాశాను, తండ్రి పేరు రాశాను, తరగతి రాశాను. చివరి గడి దగ్గరికి వచ్చేసరికి మా నాన్న కళ్ళ ముందుకి వచ్చాడు, అంచు నలిపి చూస్తూ. ఆయన పేరు నేను తీసెయ్యాలి. అందరి పేర్లూ తీసెయ్యడానికి సిద్ధపడ్డ దాన్ని ఆ ఒక్క పేరు దగ్గర ఆగిపోయాను. పెన్ను మూత పెట్టేసి క్లాసుకి వెళ్ళిపోయాను. ఆయన మొండితనం మీద నేను ఎన్ని మాటలన్నా, ఆ గంటలో నేనూ ఆయన చేసిన పనే చేశాను. ఆయన ఊరందరి కోసం చేశారు, నేను మా ఇంటి కోసం చేశాను, అంతే తేడా.

కమిటీవాళ్ళు వచ్చారు. మేము అయిదుగురం కోర్టులో నిలబడి ఎదురు చూశాం. ఎండగా ఉందని వాళ్ళు గ్రౌండులోకి రాలేదు. ఆఫీసులోనే కాఫీ తాగి రిజిస్టరు చూశారు. "ఇంతమంది బయటివాళ్ళు నేర్పితే, ఈయన ఇన్నేళ్ళూ ఏం చేసినట్టు?" అని అడిగారట. కాగితాన్ని కాదని చెప్పే ధైర్యం హెడ్ క్లర్కు గారికి లేకపోయింది. మేస్టారు మాతో పాటు ఎండలో నిలబడి ఉన్నారు.

ఆ జూన్లో కాగితం రాలేదు. కొత్త ఫిజికల్ డైరెక్టరు వచ్చారు. పాపం, ఆయన చెడ్డవాడేమీ కాదు, ఆఫీసులో కూర్చునే మనిషి. మేస్టారికి గ్రౌండు మార్కరు ఉద్యోగం ఇస్తామన్నారు. అంటే గీతలు గీయడం, నెట్టు కట్టడం, బంతులు లోపల పెట్టడం. ఇంకెవరైనా అయితే ఆ ఉద్యోగాన్ని వాళ్ళ మొహాన కొట్టి వెళ్ళిపోతారు. ఈయన ఒప్పుకున్నారు. నేను అప్పటికి డిగ్రీ అయిపోయి డ్రిల్లు టీచరు ట్రైనింగులో ఉన్నాను. విషయం తెలిసి పరిగెత్తుకుంటూ వచ్చాను.

"సిగ్గులేదా మేస్టారూ?" అనేశాను. అంత మాట అన్నందుకు ఇప్పటికీ నాకు సిగ్గుగానే ఉంది.

ఆయన వెనక్కి నడుస్తూ గీత పూర్తి చేసి, నడుం నిఠారు చేసుకుని, "ఆరింటికి పిల్లలొస్తారమ్మా," అన్నారు. "అదేం మార్లేదుగా."

వాళ్ళావిడ మిషన్ ఆసుపత్రిలో నర్సు. నేను ఆవిడ దగ్గర మొర పెట్టుకున్నాను. "ఆయనతో వాదించబాకమ్మా," అంది. "ఇరవయ్యేళ్ళుగా నేను వాదిస్తానే ఉన్నా."

అలా మార్కరుగానే పొద్దున ఆరింటికి పిల్లల్ని నిలబెట్టి "ఇంకోటి" అంటూ ఉండేవారు. పదింటికి కొత్తాయన వచ్చి హాజరు వేసుకునేవారు. నేను మా స్కూల్లో చేరాక సుగుణ అనే పిల్లకి రెండేళ్ళు బ్యాటు పట్టుకోవడం నేర్పాను. నేర్పానంటే ఏముంది, ఆయన నాకు చెప్పిన మాటలే ఆ పిల్లకి చెప్పాను. ఇంటర్‌కి ఆ కాలేజీకే పంపాను, ఆయన చేతిలో పడుతుందని. పడింది. నిరుడు బెజవాడలో అందరికంటే బాగా ఆడానని సుగుణే ఉత్తరం రాసింది. ఆ తరవాత నా పేరుతో ఎర్ర సిరా కార్డు వచ్చింది.

మళ్ళీ ఆ రోజు దగ్గరికి వస్తాను. గట్టు మీంచి లేచి ఆఫీసులోకి వెళ్ళి రిజిస్టరు అడిగాను. పాత హెడ్ క్లర్కు గారే తీసిచ్చారు, నా మొహం కేసి చూడకుండా. సుగుణ వరస దొరికింది. కొత్తాయన రాయడం బద్ధకమై మార్కరుకే ఇచ్చేశారట. మిగతా గడులన్నీ కోడి కెలికినట్టే ఉన్నాయి. చివరి గడిలో నా పేరు మాత్రం ఒక్కొక్క అక్షరమే పెట్టి, ఎక్కడా దిద్దకుండా, తిన్నగా ఉంది.

సభలో నన్ను పిలిచారు. వెళ్ళాను. శాలువా కప్పారు. మైకు దగ్గరికి జరిగి, "ఈ సన్మానం అందుకోవలసింది నేను కాదండీ," అని మొదలుపెట్టాను. ముఖ్య అతిథి వాచీ చూసుకున్నారు. గన్నవరంలో విమానం అందుకోవాలట. ప్రిన్సిపాలు గారు నా పక్కకి వచ్చి, "వినయం ఆమెకు పెట్టని ఆభరణం," అని మైకులో అనేసి, నెమ్మదిగా నన్ను పక్కకి నెట్టారు. జనం చప్పట్లు కొట్టారు. నేను వినయంగా ఉన్నాననుకున్నారు. నా జీవితంలో అంత కోపంగా నేనెప్పుడూ లేను.

శాలువా తీసుకుని ఆయనింటికి వెళ్ళాను. ఆవిడ ముట్టుకోలేదు.

"నీకిచ్చారు, నువ్వుంచుకో. రిజిస్టరు ఇంటికి తెచ్చుకున్నారమ్మా ఆ రోజు. పొద్దున కూర్చున్న మనిషి భోజనాల వేళ దాకా లేవలా. పాత కాగితాల మీద నీ పేరు రాసి రాసి చూసుకుని, అప్పుడు రాశారు. ఆ అమ్మాయి దస్తూరీ బాగుంటది, నవ్వుద్దేమో అన్నారు."

"కార్డు కూడా వెయ్యలేదండీ నాకు," అన్నాను. చిన్నపిల్లలా ఆ మాటే వచ్చింది నోటికి.

"అప్పటికే ఒంట్లో బాగాలేదు. మంచినీళ్ళు తాగుతావా?" అంది.

అప్పుడు వచ్చింది ఏడుపు.

ఇది జరిగి చాలా నెలలైంది. ఈ చలికాలంలో మా స్కూలు పిల్లలు బెజవాడలో గెలిచారు. ఫారం నింపి పై ఆఫీసుకి పంపాను. తిరిగి వచ్చింది. శిక్షకుని పేరు ఉన్న గడి చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి, ఈ పేరు గలవారు మీ పాఠశాల సిబ్బందిలో లేరు, సరిచేసి పంపవలెను అని రాశారు. నేను సరిచేయకుండా అదే పేరుతో మళ్ళీ పంపాను. మళ్ళీ వచ్చింది. నిన్న మా హెడ్‌మిస్ట్రెస్ గారు పిలిచి ఆ కాగితం నా ముందు పెట్టారు. మంచావిడ, నా మేలు కోరేవారే.

"ఎవరమ్మా ఈయన? పిల్లలకి నేర్పింది నువ్వు గదా. నీ పేరు రాసుకోవడానికి నీకేం కష్టం? ఇంకా నువ్వు తాత్కాలికంలోనే ఉన్నావు. రేపు నీ ఉద్యోగం ఖాయం చేసేటప్పుడు ఏం చూపిస్తావు?"

ఆ మాట నాకు ఎక్కడో విన్నట్టు ఉంది. నేనే అన్నాను, పెన్ను మూత తీసి పట్టుకుని. ఆవిడ కూడా పెన్ను నా వైపు జరిపారు.

"కార్డు వేసేశానండీ," అన్నాను.

"కార్డేమిటి? ఎవరికి?"

"మేస్టారింటికి. మీ పిల్లలు గెలిచారు, ఆయన పేరు రాయించాను అని."